తవుడుకి కొన్న పిల్ల

ఒకే గదిలో వారం దాటితే నాకు ఊపిరాడేది కాదు. గొప్పకి చెప్పడం లేదు, అదొక జబ్బులాంటిది. రెండువేల పదిహేను, పదహారు ఆ ప్రాంతాల్లో నా సంసారమంతా రెండు గోనె సంచుల్లో ఉండేది. ఒకదాంట్లో బట్టలు, క్రోషియా సూదులు, కత్తెర, గ్రంథాలయం పుస్తకం. రెండోదాంట్లో చిరిగిన వలల ముక్కలు, నెల్లిమర్లలో తెలిసినవాళ్ళ ఇళ్ళ నుంచి తెచ్చుకున్న జనపనార పోగులు, చింకి చీరలు, పాల ప్యాకెట్లు, పాత స్వెట్టర్లు విప్పగా వచ్చిన ఊలు. "ఈ సెత్తకి టిక్కెట్టు ఎవులు తీస్తారమ్మా?" అని కండక్టర్లు వేళాకోళం చేసేవాళ్ళు.

ఆ చెత్తతోనే గోడకి వేలాడే తెరలు, సంచులు, చాపలు అల్లేదాన్ని. బడులకి వెళ్ళి పిల్లలకి నేర్పేదాన్ని. అరసవల్లిలో ఒక లాడ్జీ అరుగు మీద కొన్నాళ్ళు, శృంగవరపుకోట సంతలో కొన్నాళ్ళు, విజయనగరం స్టేషన్లో బెంచీ మీద మరికొన్నాళ్ళు. "ఎక్కడుంటావు?" అని ఎవరైనా అడిగితే అప్పటికి ఏ ఊరి బస్సులో ఉంటే ఆ ఊరి పేరు చెప్పేదాన్ని.

ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. శ్రీకాకుళంలో గ్రంథాలయంలో అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది, ఓడల మీద వేసే ముడుల గురించి. పదో తరగతి తప్పినదాన్ని, పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక్కొక్క బొమ్మా చూస్తూ చదివాను. చేతిలో పురికొస ముక్క, ఒళ్ళో పుస్తకం. మూసే వేళైతే అటెండరు తాళాలు గలగలలాడించేవాడు. లిపి లేని ఒక దేశంలో తాళ్ళకి ముడులు వేసి రాజ్యం లెక్కలన్నీ దాచుకున్నారని అక్కడే చదివాను. ఏం చదువుకున్నావని అడిగినవాళ్ళకి "గ్రంథాలయం" అని చెప్పేదాన్ని. ఇప్పటికీ అదే చెబుతాను.

ఒక వేసవి చివర శ్రీకాకుళం కాంప్లెక్సులో బస్సు కోసం కూర్చున్నాను. పక్కన ఖాళీ చేపల గంపతో ఒక ముసలమ్మ. అడగకుండానే నా సంచిలో చెయ్యి పెట్టి వల ముక్క పైకి లాగింది.

"ఇలాటివి మేం పారీస్తాం. నువ్వు మోసుకు తిరుగుతున్నావేటే?"

"అల్లుతాను పిన్నీ."

"సెత్తతోనా?"

"సెత్తతోనే."

నన్ను కిందికీ మీదికీ చూసింది. గంపని కాలితో నెట్టి దగ్గరికి జరిగింది. కళింగపట్నం దాటాక వాళ్ళ పల్లె. కొడుకు గుజరాత్‌లో బోట్ల మీద పనికి పోయాడు. కోడలు కడుపుతో ఉంది. ఇంతకుముందు ఇద్దరు పుట్టారు, ఇద్దరూ ఏడాది నిండకుండానే పోయారు. ఇదంతా కూర ధర చెప్పినట్టు చెప్పి, చివర్లో గొంతు తగ్గించింది.

"ఈపాలి ఉయ్యాల సెత్తతో కట్టాల. కొత్త పోగు ఒక్కటీ ఉండకూడదు. సెయ్యగలవా?"

"నా పనే అది," అన్నాను.

ఆమె అడిగినదేమిటో నాకు విడమరిచి చెప్పక్కర్లేదు. పుట్టినవాళ్ళు నిలవకపోతే తరవాతి బిడ్డని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, దారిన పోయే వాళ్ళెవరికో చేటెడు తవుడుకి అమ్మేసి, మళ్ళీ వాళ్ళ దగ్గర్నించే పెంపకానికి తెచ్చుకోవడం మా వైపు పాత ఆనవాయితీ. పనికిరానిదాన్ని ఎవరూ ఎత్తుకుపోరని. తవుడు పేరు పెట్టుకున్నవాళ్ళూ, పెంట పేరు పెట్టుకున్నవాళ్ళూ మా ఊళ్ళలో కొల్లలు. నాతో చదివినవాళ్ళలోనూ ఉన్నారు. ఇంత తెలిసినదాన్ని కూడా, పని మొదలుపెట్టేసరికి నా చేతులు నా మాట వినలేదు.

వల ముక్కల్ని కుంకుడు రసంలో నానబెట్టి ఉప్పు వాసన పోయేదాకా ఉతికాను. చింకి చీరల ఎర్ర అంచులు చింపి జడలా పేనాను. జనపనారని దువ్వాను. గాలి ఆడేలా అడుగున ఒక రకం ముడి, బరువు ఆపేలా అంచున ఇంకో రకం ముడి. ఒకచోట కూర్చుని చేసింది కూడా కాదు. నెల్లిమర్లలో తెలిసినవాళ్ళ మేడగదిలో మొదలై, శృంగవరపుకోట బస్సులో పెరిగి, పాసింజరు బండిలో పూర్తయింది. బండిలో ఆడవాళ్ళు అంచు పట్టుకుని చూసి, "ఏ రాజుగోరి బిడ్డకే ఇది?" అన్నారు. నాకు ఒళ్ళు పొంగింది.

పల్లెకి చేరేసరికి మధ్యాహ్నం. ముసలమ్మ వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. కోడలు గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. సన్నటి మనిషి, కడుపు తప్ప ఇంకేమీ లేదు. నేను ఉయ్యాల విప్పి దులిపాను. కోడలు చెయ్యి చాచి ఎర్ర అంచు ముట్టుకుంది. వెంటనే కాలిన గిన్నె ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఓలమ్మో! సెత్త తెమ్మంటే రథం తెచ్చినావేటే!" అంది ముసలమ్మ.

"అంతా సెత్తే పిన్నీ. ఒక్క పోగు కొత్తది నేదు."

"సెత్తని నీకు తెలుసు, నాకు తెలుసు. సూసినోలకి ఎలా తెలుస్తాది?"

"సూసినోలు ఏటి సేస్తారు?"

"దీన్ని సూసి లోపలున్నదాన్ని సూస్తారు."

నాకు రోషం వచ్చింది. పుస్తకాలు చదివినదాన్ని కదా, నోరు ఊరుకోలేదు. పసిపిల్లలు ఎందుకు పోతారో, నీళ్ళు కాచి తాగడం గురించీ, టీకాల గురించీ, పత్రికల్లో చదివిందంతా ఏకరువు పెట్టాను. ముసలమ్మ చేపలు తిరగేస్తూ అంతా విన్నది.

"అయ్యన్నీ సేసినాం," అంది. "సూదులేయించినాం. నీల్లు కాసినాం. ఆసుపత్రిలోనే పురుడు పోసినాం. ఇంకేటైనా ఉంటే సెప్పు, అదీ సేస్తాం."

నేను ఉయ్యాల అంచు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను.

అప్పుడు కోడలు నన్ను అక్క వరస కలిపి నోరు విప్పింది. "అప్పా, నాకూ నమ్మకమో కాదో తెలీదు. మొదటిదానికి కొత్త ఉయ్యాల కొన్నాం, రెండోదానికి కొత్త గౌన్లు కుట్టించినాం. ఎవులేటి సెప్పినా నవ్వీసినాను. ఇప్పుడు నవ్వలేకపోతన్నాను."

సాయంత్రం బస్సు వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు. ఉయ్యాల విప్పడం మొదలుపెట్టాను.

విప్పడం తేలికే. మళ్ళీ అల్లడం దగ్గరే చిక్కు వచ్చింది. వంకరగా అల్లుదామని ఎంత చూసినా నా ముడులు వరసలో పడుతున్నాయి. ముసలమ్మ పక్కన కూర్చుని "ఇది బాగున్నాది, తీసీ. ఇదీ బాగున్నాది, తీసీ" అంటూ ఉంది. బాగుందన్న మాటని తిట్టులా వినడం నాకు అదే మొదలు. చివరికి కోడలు నా చేతిలోంచి లాక్కుంది. ఆమెకి అల్లిక రాదు. గట్టి ముడి ఒకటి నేర్పాను, తెగకుండా ఉండడానికి. మిగతాదంతా ఆమె ఇష్టం. ఒకచోట ఉబ్బు, ఒకచోట సందు, ఎర్ర గుడ్డ పక్కన నీలం సిమెంటు సంచి ముక్క. నేను బరువు వేలాడదీసి చూసి, అది ఆగుతుందా లేదా అన్నంతవరకే మాట్లాడాను. పూర్తయ్యాక అది ఒడ్డుకి కొట్టుకొచ్చిన దేనిలాగో ఉంది. ముసలమ్మ దూరంగా నిలబడి చూసి, "ఛీ," అంది. ముగ్గురం ఒకేసారి నవ్వాం.

తరవాత నేను వెళ్ళిపోయాను. ఒకచోట నిలవలేదు. పార్వతీపురం వైపు బడులు, మళ్ళీ నెల్లిమర్ల, మళ్ళీ శృంగవరపుకోట. కడుపుతో ఉన్నది నేను కాదు, కానీ ఎక్కడ కూర్చున్నా లేవాలనిపించేది. ఒక పొద్దున ముసలమ్మ ఫోన్ చేసింది. ఆడపిల్ల పుట్టిందని చెప్పలేదు. "ఏదో పుట్టినాది. పురిటి స్నానం రోజుకి రా. వస్తూ తవుడు తే," అంది.

"నేనా? ఊళ్ళో ఇంతమంది ఉంటే?"

"ఊళ్ళో ఉండేది కొంటే దాని గుమ్మం తెలిసిపోద్ది. నీకు గుమ్మం నేదు కదే. ఎక్కడని ఎతుకుద్ది?"

ఏది వెతుకుతుందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. గుమ్మం లేదన్న మాట అప్పటిదాకా మా ఇంట్లోవాళ్ళ నోట ఎత్తిపొడుపుగానే విన్నాను.

ఆ రోజు ఇంటి వెనక పెంటకుప్ప పక్కన పాత పంచె ముక్క పరిచి పిల్లని పడుకోబెట్టారు. పొలుసులు, బూడిద, కొబ్బరి డొక్కలు. పిల్ల నిద్రపోతోంది. నేను చేటలో తవుడు పెట్టుకుని, దారిన పోతున్నదానిలా అటు నడవాలి. నడిచాను. ముసలమ్మ చెప్పిన మాటలే అడిగాను.

"ఇదేటమ్మా, ఎవులు పారీసినారు?"

ఇప్పుడు తల్లి జవాబు చెప్పాలి. పిల్ల వైపు చూడకూడదని ముందే చెప్పారు. సముద్రం వైపు చూస్తూ నిలబడింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు కొందరు దూరంగా గోడల దగ్గర ఆగిపోయారు.

"సెప్పే," అంది అత్త, మెల్లగా.

"అది..." అంది. "అది పనికిరాంది. కావాలంటే తీసుకుపో."

"ఉత్తినే వద్దు. తవుడు ఇస్తాను."

చేట ఇచ్చాను, పిల్లని ఎత్తుకున్నాను. వేడిగా, తేలిగ్గా ఉంది. మెడ కింద చెయ్యి పెట్టడం కూడా నాకు సరిగ్గా రాదు. నాలుగు అడుగులు వేసి, తిరిగొచ్చి, "నేను తిరిగే మనిసిని, ఇది నా పిల్ల, మీరు పెంచండి" అని తల్లి చేతుల్లో పెట్టాను. ఆమె చేతులు పిల్ల కోసం ఎంత తొందరపడ్డాయో చూశాను. ముఖం మాత్రం కదల్లేదు.

"ఇంక ఎల్లు," అంది ముసలమ్మ. "కొన్నోలు ఇక్కడ ఉండకూడదు. ఎనక్కి సూడకు."

ఏ ఊరి నుంచీ బయల్దేరడానికి నేను ఒకరి చేత చెప్పించుకున్నదాన్ని కాదు. ఆ ఒక్కసారి ఉండాలనిపించింది. బస్సెక్కాను.

ఆ ఏడాదంతా ఫోన్ మోగితే ముందు ఎవరి నంబరో చూసి గానీ ఎత్తేదాన్ని కాదు. గ్రంథాలయంలో పసిపిల్లల జబ్బుల పుస్తకం తెరిచేదాన్ని, రెండు పేజీలు చదివి మూసేసి లేచిపోయేదాన్ని. పల్లె మలుపు దగ్గర బస్సు దిగాక, ఇంటి దాకా వెళ్ళి ఏడుపో నవ్వో వినపడేవరకూ నాది నడకలా ఉండేది కాదు. తల్లి పిల్లని నా ఒళ్ళో పడేసి, "ఇదిగో నీ పిల్ల. రాత్రంతా ఏడుపే. తీసుకుపో" అనేది. నేను యజమానురాలిలా, "ఏటి, నా పిల్ల సిక్కిపోనాది? సరిగ్గా సూస్తన్నారా నేదా?" అని దెబ్బలాడేదాన్ని. పిల్ల బుగ్గలు బూరెల్లా ఉండేవి. వాటి గురించి ఎవరం మాట్లాడేవాళ్ళం కాదు.

పదకొండో నెలలో కాబోలు, నేను శృంగవరపుకోటలో ఉండగా తల్లి ఫోన్ చేసింది. వెనక నుంచి ఆసుపత్రి గోల.

"అప్పా, నీ పిల్లకి జొరం. తగ్గట్నేదు. నీ పిల్ల అప్పా, నీ పిల్ల..."

ఏడుస్తూ కూడా ఆ మాట మార్చలేదు. తన పిల్ల అంటే ఎక్కడ వినపడిపోతుందోనని. విజయనగరం బస్సులో, అక్కణ్ణించి శ్రీకాకుళం బస్సులో నా చేతులకి చెయ్యడానికి ఏమీ దొరకలేదు. చెంగు అంచు పోగులు లాగి ముడులు వేశాను, విప్పాను, వేశాను. పెద్దాసుపత్రికి చేరేసరికి పిల్ల చేతికి సెలైను, తల్లి చెయ్యి ఆ చేతి కింద. డాక్టరమ్మ నా వైపు తిరిగి "తల్లి ఎవరు?" అంది. తల్లి నన్ను చూపించింది. నేను అవునన్నాను. డాక్టరమ్మా నర్సులూ మమ్మల్ని ఏమనుకున్నారో గానీ, మర్నాడు సాయంత్రానికి పిల్ల పాల కోసం అరిచింది. నన్ను చూసి కాదు.

ఏడాది దాటింది. ఇంకో ఆర్నెల్లు దాటాయి. పిల్ల ఇసుకలో పడుతూ లేస్తూ నడుస్తోంది. చలికాలం వస్తోందని నేను ఒక టోపీ అల్లి తీసుకెళ్ళాను. బూడిద రంగు పాత ఊలు, అక్కడక్కడ కావాలని వదిలేసిన పోగులు, ఒక చెవి వైపు కాస్త కిందికి. అందవికారంగా అల్లడం నాకు అప్పటికి బాగా పట్టుబడింది. తల్లి టోపీ తిప్పి తిప్పి చూసింది.

"ఇదేటప్పా, బూడిదలో దొల్లించినట్టున్నాది? ఇది ఎట్టుకుని నా కూతురు తిరగాలా?"

వాకిట్లో గంప సర్దుతున్న ముసలమ్మ చేతులు ఆగిపోయాయి. వీధిలో నీళ్ళ బిందెలతో ఇద్దరు ముగ్గురు వెళ్తున్నారు. తల్లికి కూడా తను అన్నది అప్పుడే వినపడినట్టుంది. ఒక్క క్షణం పిల్ల వైపు చూసింది. పిల్ల ఏదో గవ్వని నోట్లో పెట్టుకుంటోంది. తల్లి వెళ్ళి, నోట్లో వేలు పెట్టి గవ్వ తీసి, పిల్లని ఎత్తి నడుమున వేసుకుంది.

"మంచిది అల్లి తే," అంది నాతో.

"ఏ రంగు?" అన్నాను.

"ఎర్రది," అంది, వీధి వీధంతా వినపడేలా. "ఎర్రది, పసుపు అంచుతో. పైన పువ్వు కూడా ఎట్టు."