వీపు మీది తామర

మా పిల్లికి చెవి వెనక వెంట్రుకలు రాలి, గుండ్రంగా పొట్టు లేచింది. బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో మా లైను ఇళ్లన్నీ గోడకు గోడ. పక్కింటామె గుమ్మంలోంచే చూసి, "అక్కా, దానికేందో రోగం ఉండాది. బేతమంగళ కాడ యాడన్నా వదిలిపెట్టి రాపో" అంది. నాకు ఒళ్లు మండింది. "నీ మొగుణ్ణి వదిలిపెట్టి రాపో" అన్నాను. అంతే, మాటలు బందు. అమ్మ పోయాక ఆ ఇంట్లో నేను మాట్లాడేది ఆ పిల్లితోనే. దాన్ని వదిలేసి గోడలతో మాట్లాడమంటుందా!

పశువుల డాక్టరు గది తలుపులు మూసి ఊదారంగు దీపం పట్టాడు. పొట్టు లేచిన చోట వెంట్రుకలు ఆకుపచ్చగా మెరిశాయి. నాలుగు పీకి పరీక్షకూ పంపి, తామరేనని తేల్చాడు. మింగడానికి మందు, వారానికి రెండుసార్లు మందునీళ్ల స్నానం. "తగ్గేదాకా వేరే గదిలో పెట్టమ్మా" అన్నాడు. మాకున్నదే ఒక గది. అది దానికిచ్చేసి నేను వంటింట్లో పడుకున్నాను. తలుపు అవతల అది ఒకటే అరుపు. "ఓర్చుకోవే తల్లీ" అని ఇవతల నేను.

తర్వాతిసారి వెళ్లినప్పుడు, "మీకెక్కడైనా అంటిందా?" అని అడిగాడు. అప్పుడు గుర్తొచ్చింది నా వీపు దురద. పిల్లి ఎప్పుడూ నా వీపుకే ఆనుకుని పడుకునేది. మనుషుల డాక్టరు పూతమందు రాసిచ్చాడు. "మీది తగ్గకపోతే పిల్లికి మళ్లీ అంటుతుంది. ఇంట్లో ఎవరిచేతనైనా రాయించుకోండి" అన్నాడు. ఎవరిచేత, నా తలకాయ! చెయ్యి పైనుంచి పెట్టాను, కిందనుంచి పెట్టాను, గరిటె కాడకు పూసి చూశాను. అందలేదు. వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

చివరికి పిల్లి కోసం సిగ్గు చంపుకుని పక్కింటి తలుపు కొట్టాను. ఆమె నన్నొకసారి, ట్యూబునొకసారి చూసింది. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, "తిరుగక్కా" అంది. కవరులోంచే ఆమె వేళ్ల వేడి తగిలింది. అమ్మ పోయాక నన్నొక మనిషి తాకడం అదే మొదలు. కదిలితే ఎక్కడ ఆపేస్తుందోనని ఊపిరి బిగబట్టాను.

ఆ తర్వాత రోజూ రాసింది. పిల్లికి కొత్త వెంట్రుకలు మొలిచాయి, పరీక్షలో కూడా ఏమీ లేదన్నారు. ఒకరోజు ఆమె నా వీపు చూసి, "అంతా మానిపోయిందక్కా, ఇంగ మందొద్దు" అంది.

"సరిగ్గా చూడమ్మా, ఇంగా దురదగానే ఉండాది" అన్నాను.

దురద ఎప్పుడో పోయింది.