గ్లాసులోకి రాని రంగు

మా బావ సూరయ్యకు రొయ్యల చెరువు తప్ప వేరే లోకం తెలియదు. అల్లవరం దగ్గర రెండెకరాల చెరువు ఆయనది. తెల్లారగానే గాజుగ్లాసుతో నీళ్ళు ముంచి, వెలుతురుకు పట్టి చూస్తాడు. రంగు తేడాగా ఉంటే ఫొటో తీసి చెరువు మందుల షాపతనికి పంపుతాడు. ఆ ఫోనులో మా అక్క ఫొటో ఒక్కటి ఉంటే ఒట్టు!

అలాంటి మనిషి లడఖ్ వెళ్ళాడు. బాగా రొయ్యల మేత కొన్న రైతులను డీలర్లు టూరు తీసుకెళ్ళడం మా వైపు మామూలే. రైతుకు రెండు సీట్లు. కొండల్లో రంగులు మార్చే సరస్సు చూపిస్తారని వినగానే మా లోవమ్మక్క చిన్నపిల్లయిపోయింది. స్వెటరు కూడా కొనుక్కుంది. తీరా డాక్టరుగారేమో, ఈ ఆయాసంతో అంతెత్తు ఎక్కితే ప్రాణానికే ముప్పన్నారు. ఆ సీటు నాకిచ్చేసింది. సిగ్గేసింది, అయినా వెళ్ళాను.

బయల్దేరేటప్పుడు బావను ఒక్కటే అడిగింది. "ఆ నీళ్ళ రంగు నాకు చూపించండి. ఇంకేమీ తేవద్దండి."

"ఆయ్, అలాగే" అన్నాడు బావ.

సరస్సు దగ్గర బస్సు దిగి చూద్దును కదా! ఒడ్డున లేత పచ్చ, కాస్త లోపల నెమలికంఠం, ఆపైన చిక్కటి నీలం. మా బావేం చేశాడో తెలుసా? టీ కొట్లో గాజుగ్లాసు అడిగి తెచ్చి, నీళ్ళు ముంచి, ముందు రుచి చూశాడు!

"ఉప్పగా ఉందిరా వీరబాబూ! రొయ్య బతికేత్తది."

తర్వాత గ్లాసు వెలుతురుకు పట్టి ఫొటో తీశాడు. నీళ్ళలో రంగు లేదు. నాలుగడుగులు జరిగి మళ్ళీ ముంచాడు. లేదు. "అక్కడ అంత నీలంగా ఉంది, గ్లాసులోకి రాదేంట్రా?" అంటూ ఒడ్డంతా తిరిగాడు.

"బావా, ముందు సరస్సుని తియ్యండి బాబూ!" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"అది ఆఖర్న. ముందు రంగు దొరకనీ."

ఆఖర్న తీద్దామనేసరికి చలికి ఆయన ఫోను ఆగిపోయింది. బస్సువాడు హారన్ మీద హారన్. దారంతా బావ ఆ ఫోను బొత్తాన్నే నొక్కుతూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక అక్కకు నా ఫోను ఇచ్చాను. సరస్సు, కొండలు, ఆకాశం, అన్నీ ఉన్నాయి. "బాగుందిరా" అంది, పక్కింటివాళ్ళ పెళ్ళి ఆల్బం చూసినట్టు. "మీరు తీసినవేవండీ?" అని బావ వైపు తిరిగింది.

బావ తలొంచుకుని ఇచ్చాడు. నలభై ఫొటోలు. అన్నిట్లోనూ ఒకటే గ్లాసు, తేటనీళ్ళు.

"రాలేదే లోవా. ఎన్ని చోట్ల ముంచినా రాలేదు. నీకు చూపిత్తానన్నాను" అన్నాడు.

నవ్వబోయి ఆగాను. అక్క నీళ్ళు చూడటం లేదు, గ్లాసు పట్టుకున్న వేళ్ళు చూస్తోంది. మొదటి ఫొటోలో మామూలుగా ఉన్నాయి. పదో ఫొటోకు ఎర్రబడ్డాయి. ఆఖరికొచ్చేసరికి గోళ్ళు నీలం తిరిగిపోయాయి.

"ఆ మంచునీళ్ళలో ఇన్నిసార్లు చెయ్యి పెట్టేరా!" అంది అక్క. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. "మీకేమైనా మతి పోయిందా అండీ?"

వారం కిందటి చలికి ఇప్పుడు ఆ చేతిని చీరకొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది, నేను ఎదురుగా ఉన్నానన్న సంగతే మరిచిపోయి. బావ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.