నూరువరహాల ఆకులు పసుపెక్కినప్పుడు

2011లో శంషాబాద్ విమానాశ్రయం దగ్గర కొత్తగా కట్టిన ఒక ఆఫీసు భవనం తోట పని నా చేతికొచ్చింది. నేను తోటల కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజర్‌ని. వానాకాలం మొదట్లో ప్రహరీ పొడవునా ఇక్సోరా, అంటే మన నూరువరహాలు, నాటించాం. సన్నని గొట్టం చివర నాలుగే రేకలుండే చిన్న పువ్వు అది. అలాంటివి పదుల కొద్దీ ఒకే గుత్తిలో పూస్తాయి. ఆకులు ఎదురెదురుగా, మెరుస్తూ దట్టంగా వస్తాయి కాబట్టి కంచెకు బాగుంటుంది.

చలికాలం దాటేసరికి లేత ఆకులు పసుపెక్కాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. పూత లేదు. రోజూ నీళ్లు పట్టేది కొత్వాల్‌గూడ నుంచి వచ్చే బాలమణి. నీళ్లెక్కువై వేళ్లు కుళ్లాయని నేను తేల్చేశాను. భవనం మేనేజరు ఆమెను మాన్పించి, మొక్కలన్నీ పీకేయమన్నాడు. ఆమె భర్త నడుము విరిగి మంచంలో ఉన్నాడని తెలిసీ నేను అడ్డు చెప్పలేదు.

విషయం చెబితే బాలమణి బతిమాలలేదు. పార పట్టుకునే నిలబడి అంది: "సార్, నాటిననాడు కత్తిరించిన కొమ్మలు నాలుగు తీస్కపోయి మా వాకిట్ల పెట్టిన. గవి మంచిగున్నయి. నా చేతుల తప్పుంటే గవి గూడ గిట్లనే కావాలె గద. జర వచ్చి చూడుండ్రి."

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. ఎర్రమట్టిలో నాలుగు మొక్కలు నిగనిగలాడుతున్నాయి. ఒకదానికి నారింజరంగు గుత్తి కూడా వచ్చింది. అవే కొమ్మలు, అదే చెయ్యి. తేడా మట్టిలోనే ఉండాలి.

తిరిగొచ్చి ప్రహరీ పక్కన తవ్వించాను. జానెడు మట్టి కింద అంతా సిమెంటు పెళ్లలు, సున్నం. కట్టడం చెత్తను అక్కడే పూడ్చేశారు. ఇక్సోరాకు కాస్త పుల్లటి నేల కావాలి. సున్నం నేలలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. అప్పుడొచ్చే పసుపునే ఐరన్ క్లోరోసిస్ అంటారు. పచ్చని ఈనెలే దాని గుర్తు. నేను చదువుకున్నదే. అయినా ఆకును సరిగ్గా చూడకుండా మనిషిని పట్టుకున్నాను.

తప్పు నాదేనని మేనేజరుకు చెప్పి, బాలమణిని మాన్పించొద్దని, రెండు నెలల గడువు ఇవ్వమని అడిగాను. ఆయన ఒప్పుకున్నాడు. బాలమణి, ఇంకో ఇద్దరు కలిసి చెత్త తోడి, ఎర్రమట్టి, పశువుల ఎరువు నింపారు. ఆకుల మీద చిలేటెడ్ ఐరన్, అంటే మొక్క పీల్చుకోగల రూపంలోని ఇనుము, పిచికారీ చేశాం. మూడో వారానికి వచ్చిన చిగుళ్లు పచ్చగా ఉన్నాయి. వానలు పడేసరికి గోడ పొడవునా గుత్తులు విచ్చాయి.

అందరి ముందూ బాలమణికి క్షమాపణ చెప్పాను. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని, "ఇగ పోనీయుండ్రి సార్. ఈసారి ముందుగాల మట్టి చూడుండ్రి, మనిషి యాడికి పోతది" అంది.

ఆ ఏడే మా నర్సరీలో కొమ్మలు నాటి మొలిపించే పని ఆమెకు అప్పగించాం. మొక్క వాడితే, రోజూ దాని దగ్గరుండే మనిషి పక్కన కూర్చుని ఏం గమనించారని అడగడం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను.