మెంతికూర పెట్టెలో థర్మామీటరు

2017 జూన్ 15న మహారాష్ట్రలో, నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకాలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూలులో సహాయక్ శిక్షికగా చేరాను. అంటే తొమ్మిది, పది తరగతులకు సైన్సు చెప్పే హోదా. పైన ముఖ్యాధ్యాపకులు ఒక్కరే. 2023 మేలో అక్కడే రిటైరయ్యాను. ఆ ఆరేళ్లలో పన్నెండు ప్రాజెక్టులను సైన్సు ప్రదర్శనలకు తీసుకెళ్లాను. బయటి నిధి వచ్చింది ఒక్కదానికే.

అది పదో తరగతి రేణుకది. ఆమె తల్లి గంగామణి గోకుంద బజారులో కూరగాయలు అమ్మేది. చలికాలంలో మిగిలిన మెంతికూర మేకల పాలయ్యేది. దాన్ని రంగు పోకుండా ఎండబెట్టే అద్దం పెట్టె చేయాలని రేణుక ఆలోచన. 2022 ఆగస్టులో ఒక ట్రస్టు మొదటి విడతగా పది వేలు ఇచ్చింది. బజారులోని వాళ్లంతా వాడుకునే పెద్ద పెట్టెకు రెండో విడత నలభై వేలు. అది జిల్లా ప్రదర్శనలో పరీక్షకుడి నివేదికను బట్టి వస్తుంది.

ట్రస్టు ఫారంలో ‘మార్గదర్శకులు’ అన్న గడిలో వాళ్లు నియమించిన ఇంజనీరు అమృత పేరు ఉంది. ఆమెకు ఇరవై ఆరేళ్లు. నా పేరు ‘పాఠశాల సహాయకులు’ అన్న గడిలో ఉంది. రేణుకకు తొమ్మిదో తరగతిలోనే నోటుబుక్కు రాయడం నేర్పింది నేను. తేదీ, వేళ, కొలత, అన్నీ పెన్నుతో, కొట్టివేస్తే పక్కన కారణం. ప్రతి శనివారం చూసి సంతకం పెట్టేదాన్ని. అమృత రెండు వారాలకోసారి నాందేడ్ నుంచి రైల్లో వచ్చి సంతకం పెట్టడం మొదలయ్యాక, నేను ఆ పుస్తకం తెరవడం మానేశాను. రేణుకకు ఆమె ‘తాయి’, మరాఠీలో అక్క. నేను మేడంనే.

ఒకరోజు కూర కొంటుంటే గంగామణి నవ్వుతూ అంది: “గా నాందేడు పోరి అచ్చిన కాడికెళ్లి మా పోరి ఇంట్ల మీ పేరే ఎత్తుతలేదు మేడం. మీకు జర నిమ్మలమైందనుకో.”

రెండు కట్టలు అడిగినదాన్ని ఒక్కటే తీసుకుని వచ్చేశాను.

డిసెంబరు 10, శనివారం. బడి ఆవరణలో అమృత, రేణుక పెట్టె దగ్గర కూర్చుని కొలతలు రాస్తున్నారు. నేను వెళ్లి చూశాను. థర్మామీటరు 62 డిగ్రీలు చూపిస్తోంది. కానీ దాని బుడ్డి మీద నేరుగా ఎండ పడుతోంది. గాలి వేడిని కొలిచేటప్పుడు బుడ్డికి నీడ ఉండాలి. లేకపోతే ఎండ వేడి కూడా కలిసి అంకె పెరుగుతుంది. ఇంజనీరుకు తట్టలేదు. నాకు తట్టింది. చెప్పలేదు. నాందేడ్‌లో పరీక్షకుడు పట్టుకుంటాడని, అది మార్గదర్శకుల గడి కింద పడుతుందని అనుకున్నాను. నలభై వేలు పోతాయని కూడా అప్పుడే తెలుసు.

2023 జనవరి 12న జిల్లా ప్రదర్శన. పరీక్షకుడు ఒక పాలిటెక్నిక్ అధ్యాపకుడు. మొదట అడిగిందే థర్మామీటరు ఎక్కడ పెట్టారని. రేణుక నోటుబుక్కు తెరిచింది. 62 మీద ఒక గీత, పక్కన కారణం. కింద డిసెంబరు 12 నాటి కొలత: అట్టముక్కతో నీడ కట్టాక 51. ఎవరు చెప్పారని ఆయన అడిగితే, నా వైపు చూపించింది.

ఆయన వెళ్లాక, నేనెప్పుడు చెప్పానని అడిగాను.

“మీరు చెప్పలే మేడం. ఆ దినం థర్మామీటర్ దిక్కు చూసి ఏమనకుంట పోతిరి. తప్పు లేకున్నా ఏదన్నొకటి అంటరు మీరు. నేను పట్టుకుంటనా లేదా అని చూస్తుండ్రనుకున్న. తాయి గుడ గదే అన్నది.”

అమృత నాకు నమస్కారం పెట్టింది. పిల్లల్ని పరీక్షించడానికి అంత ఓపిక తనకు రాదంది.

ఫిబ్రవరిలో రెండో విడత వచ్చింది. ‘పాఠశాల సహాయకులు’ కూడా చివరి నివేదికలో తమ వంతు రాయాలి. డిసెంబరు 10న తప్పు గమనించానని, చెప్పలేదని, పిల్ల తానే సరిచేసుకుందని రాశాను. కారణం అన్న గడి ఖాళీగా పంపాను. రేణుక పుస్తకంలో కారణం లేని కొట్టివేత మీద నేనెప్పుడూ సంతకం పెట్టలేదు. ట్రస్టు నా దానిమీద పెట్టింది.

రేణుక ఇప్పుడు నాందేడ్‌లో డిప్లొమా చదువుతోంది. ఫలితాలు వస్తే ఫోను ముందు అమృతకే చేస్తుంది.

నేను నేర్చుకున్నది ఇంత: తప్పు కనబడిన రోజే చెప్పాలి. అది ఎవరి గడి కింద పడుతుందో చూసుకునే మనిషి ఆ రోజు పిల్లల దగ్గర ఉండకూడదు.