ఆగి ఉన్న బండికి వేసిన బ్రేకు

టీ కప్పులు కింద పెట్టండబ్బా, నవ్వొచ్చి మీద పోసుకుంటారు! పోయిన శుక్రవారం నాకేం జరిగిందో వినండి. బండి పార్కింగ్‌లో ఆగి ఉంది. ఇంజనైనా స్టార్ట్ చెయ్యలేదు. అయినా ఆ రోజు నుంచి మేముండే సల్వా పేట మొత్తంలో నా అంత చెడ్డ డ్రైవర్ లేడు! ఇన్నేళ్ళలో బంపర్ మీద ఒక్క గీత పడనివ్వని మనిషిని నేను. ఎట్లయింది అంటారా? తుపాకీ వల్ల అయింది.

భయపడొద్దు, ఎవరూ చావలేదు.

మా బాబాకి, అదే నాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్‌కి, ఒక తుపాకీ ఉంది. లైసెన్సుదే. ట్రిగ్గర్ దగ్గర పిడి లాంటి లివర్ ఉంటుంది. దాన్ని కిందికి లాగి పైకి తోస్తే కొత్త తూటా లోపలికి ఎక్కుతుంది. ఒక్కో తూటా వేలంత లావు! అది పేలితే వెనక్కి కొట్టే దెబ్బ గాడిద తన్నే. బాబా వాళ్ళ అన్నగారున్నారు, మేం పెద్దాయన అంటాం. "ఈ వయసులో నీకెందుకురా అది? ఏదో ఒకరోజు తలకాయ పగలగొట్టుకుంటావు" అని దివానియాలో, అదే సాయంత్రం మగవాళ్ళంతా చేరే పెద్ద హాల్లో, అందరి ముందూ ఆటపట్టించేవాడు. "నాకు దోమ కుట్టినట్టు కూడా ఉండదు" అని మా బాబా మీసం తిప్పేవాడు.

ఇంకో సంగతి. ఆ పెద్దాయన ఇంట్లో డ్రైవర్ పని ఖాళీ అయింది. మా బామ్మర్ది సీనుకి ఆ వీసా ఇప్పించాలని నా తాపత్రయం. బాబా కూడా, "రమణ లాంటి డ్రైవర్ కావాలంటే రమణ బామ్మర్దినే తెచ్చుకో" అని చెప్పాడు. శుక్రవారం చెప్తానన్నాడు పెద్దాయన. రాయచోటి నుంచి మా ఆవిడ ఒకటే ఫోన్లు.

"ఏమయ్యా, మా తమ్మునికి వీసా వస్తాదా, రాదా?"

"నా పేరు జూసే ఇస్తారు, నువ్వు గమ్మునుండు" అన్నా.

సరిగ్గా ఆ వారమే బాబా ఒక పెట్టె తెచ్చాడు. అందులో నల్లటి దుర్భిణి. తుపాకీ మీద పెట్టుకునే స్కోప్! వయసు మీద పడి, గొట్టం చివర గురి చూసే ముల్లు ఆయనకి మసగ్గా కనపడుతోంది. షాపువాడికిస్తే వారం పడుతుందట. శుక్రవారం షూటింగ్ క్లబ్బులో కాల్చాలని ఈయన ఆత్రం.

"రమణా, ఇది బిగించడం తెలుసా?"

నా జన్మలో అలాంటిది ముట్టుకోలేదు. "తెలుసు బాబా. మాఫీ ముష్కిల్" అన్నా. ఏం కష్టం కాదన్నమాట!

నవ్వకండి. మీరు మాత్రం ఎన్నిసార్లు అనలేదు? ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఒకాయన నన్ను, పెద్ద జీపు నడపడం వచ్చా అని అడిగాడు. రెండ్రోజుల్లో నేర్చుకుంటానని నిజం చెప్పా. నా వెనక నిలబడ్డవాడు 'తెలుసు' అన్నాడు, పని వాడికి పోయింది. వాడికీ రాదు, నాకు తెలుసు! అప్పటి నుంచి నా నోట 'తెలీదు' అన్న మాట పోయింది. ఇక్కడ 'తెలుసు' అంటే జీతం, 'తెలీదు' అంటే ఇంటికి టికెట్. అట్లా 'తెలుసు' అంటూనే మిక్సీ బాగుచేశా, డిష్ తిప్పా, మామా, అంటే బాబా భార్య, ఆమె కుట్టుమిషన్ విప్పి మళ్ళీ బిగించా. బాబా నన్ను ముహందిస్ అని పిలవడం మొదలుపెట్టాడు. ముహందిస్ అంటే ఇంజనీర్! పదో తరగతి తప్పినోణ్ణి, ఆ మాట వింటుంటే కడుపు నిండేది.

సరే, దివానియాలోనే కూర్చున్నాం. లోపల తూటా లేదని బాబానే లివర్ ఆడించి చూపించాడు. పెట్టెలో బొమ్మలున్న కాగితం ఒకటి ఉంటే, స్క్రూలు దొర్లిపోకుండా దాన్ని కింద పరిచా! తుపాకీ నెత్తిన ఉన్న చిన్న స్క్రూలు తీసేసి, పట్టీ పెట్టి, దాని మీద రింగులు, రింగుల్లో స్కోప్. స్క్రూల జిడ్డు తుడిచి, బండిలో బోల్టులకి వాడే నీలం జిగురు పెట్టా. టైరు నట్లు బిగించినట్టు ఎదురెదురువి బిగించుకుంటూ వచ్చా. పనితనంలో వంక పెట్టలేరు!

మా ఇంట్లో వంటపని చేసే లక్ష్మి టీ తెచ్చింది. కోనసీమ ఆవిడ.

"ఇదెప్పుడు నేర్చుకున్నారండీ రమణగారూ?"

"ఇందులో ఏముంది లక్ష్మీ, మిక్సీకీ స్క్రూలే, దీనికీ స్క్రూలే."

"మిక్సీ తిరిగి తన్నదు కదండీ!"

ఆ మాట పట్టించుకుని ఉంటే ఈ కథే లేదు.

ఇక మిగిలింది స్కోప్‌ని ముందుకో వెనక్కో జరపడం. నేను డ్రైవర్ని కదా, అద్దం ఎట్లా సర్దుతాం? సీట్లో మనిషిని కూర్చోబెట్టి సర్దుతాం. బాబాని కూడా అట్లే కూర్చోబెట్టా. ఆయన రోజూ కూర్చునే చోట, దిండుకి ఆనుకుని, హాయిగా వెనక్కి వాలి! ముందొక దిండు మీద తుపాకీ.

"కనిపిస్తోందా బాబా?"

"చుట్టూ నల్లగా ఉంది."

ఆయన కంటివైపు కొంచెం జరిపా. ఇంకొంచెం అన్నాడు. ఇంకొంచెం జరిపా.

"జేన్! జేన్! బాగుంది! ఆ చివర గడియారం ముల్లు కూడా కనిపిస్తోంది. నువ్వు ముహందిస్‌వి!"

టకటకా బిగించేశా.

శుక్రవారం పొద్దున్నే ఊరి బయట క్లబ్బుకి పోయాం. అక్కడ దిండ్లు ఎక్కడివి? బల్ల. బాబా బల్ల మీదికి వంగాడు, మెడ ముందుకి చాచాడు, చెంప తుపాకీకి ఆనించాడు. చూస్తే స్కోప్‌కీ ఆయన కనుబొమకీ మధ్య రెండు వేళ్ళ సందు లేదు. ఇది ఇంత దగ్గరుండొచ్చా? అడుగుదామని నోరు తెరిచా. అడిగితే నాకు తెలీదని తెలిసిపోతుంది. మూసుకున్నా. ఆ మూసుకోవడం ఒక్కటే ఇప్పటికీ నాకు సిగ్గు, మిగతాదంతా నవ్వులాటే అనుకోండి.

ధడేల్!

స్కోప్ వెంట్రుకవాసి కదల్లేదు. అంత గట్టిగా బిగించా మరి! తుపాకీతో పాటు వెనక్కొచ్చి బాబా కనుబొమ మీద అర్ధచంద్రాకారంగా కోసింది. ఆయన వేసుకున్న తెల్లటి పొడుగు అంగీ, దిష్‌డాషా మీద టపటపా నెత్తురు. ఇంకొంచెం కిందికి తగిలుంటే కన్నే పోయేది. ఫస్ట్‌ఎయిడ్ అతను పట్టీ వేశాడు. బాబా ఒక్క మాట కూడా తిట్టలేదు. తిడితే బాగుండేది.

పార్కింగ్‌లో బండెక్కి, అద్దంలో మొహం చూసుకుని చాలాసేపు ఆలోచించాడు. సాయంత్రం దివానియాకి అన్న వస్తాడు కదా!

"రమణా, ఈరోజు నువ్వు సడన్ బ్రేక్ వేశావు."

"ఎక్కడ బాబా?"

"దారిలో."

దెబ్బకి మతి చలించిందనుకున్నా. "లేదు బాబా, ఇంకా బండే స్టార్ట్ చెయ్యలేదు."

"వేశావు" అన్నాడు, పట్టీ మీద వేలు పెట్టి. అప్పుడు అర్థమైంది.

సాయంత్రం హాలు నిండా జనం. బాబా లోపల కూడా నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. అందరూ ఏమైందని అడిగారు. "రమణ బ్రేకేశాడు, ముందు సీటుకి కొట్టుకున్నా" అన్నాడు. నేను నీళ్ళ బాటిళ్ళ కేసు మోసుకుంటూ అప్పుడే గుమ్మంలోకి వచ్చా. అన్ని తలకాయలూ నావైపు తిరిగాయి.

పెద్దాయన నన్ను కిందికీ పైకీ చూశాడు. "ఎందుకు వేశావు? ఏమడ్డమొచ్చింది?"

పిల్లి అంటే సరిపోయేది. ఒంటె అన్నా సరిపోయేది. సీను వీసా నా నాలుక చివర ఉంది! కానీ పొద్దున నా అబద్ధం ఒకటి నెత్తురు కళ్ళచూసింది. ఇంకోటి నోట్లోంచి రానంది. నిజం చెబితే బాబా పరువు పోతుంది, అంత దెబ్బ తిని కూడా నన్నొక్క మాట అనని మనిషి. నోట్లో ఇక మిగిలింది ఒక్క మాటే.

"తెలీదు బాబా."

హాలంతా ఘొల్లుమంది. "బ్రేక్ ఎందుకేశాడో వాడికే తెలీదట! వీడి బామ్మర్దిని నేను తెచ్చుకోవాలా? ఖలాస్!" అన్నాడు పెద్దాయన. బాబా కూడా నవ్వబోయి, కుట్టినట్టై కనుబొమ పట్టుకున్నాడు.

వంటింట్లోకి వస్తే లక్ష్మి ఊరుకుందా? "అన్నీ తెలిసినమ్మ అమావాస్యనాడు చస్తే, ఏమీ తెలియనమ్మ ఏకాదశినాడు చచ్చిందంటండీ. మీరు రెండూ ఒక్కరోజే కానిచ్చేశారు!" అంది. మా ఆవిడకి ఫోన్లో ఎంత చెప్పినా, "ఆగిన బండికి బ్రేకేందయ్యా?" అంటుందే తప్ప నమ్మదు. సీను ఫోనే ఎత్తడం లేదు.

నిన్న బాబా ఆ స్కోప్‌ని సరిచేయించడానికి షర్క్‌లో షాపుకి పోదామన్నాడు. వెనక సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, పైన హ్యాండిల్ రెండు చేతులా పట్టుకున్నాడు.

"శ్వయ్ శ్వయ్ రమణా, మెల్లగా! మళ్ళీ బ్రేకేస్తావు."

తన అబద్ధం తనే నమ్మేశాడు! తెలియనివన్నీ తెలుసన్నన్నాళ్ళూ నన్ను ఇంజనీర్ అన్నారు. తెలిసిన ఒక్కదాన్ని తెలీదన్నా, డ్రైవర్ అని కూడా అనడం లేదు.