వెండి కోసం కడిగేసిన మొహాలు

మొన్న మనవరాలి అన్నప్రాసనకి వెండి గిన్నె కొందామని గుంటూరు వెళ్తే, కొట్టతను ధర చెప్పి, నా మొహం చూసి, "ఎక్కడెక్కడో యుద్ధాలండీ, మిషన్లకీ మిసైళ్లకీ అన్నిటికీ వెండే కావాలంట" అని సర్దిచెప్పాడు. ఆ మాట ఇదివరకు ఒకసారి విన్నాను. నా ఈడువాళ్లకి కార్గిల్ యుద్ధం నాటి ఎండలు గుర్తుండే ఉంటాయి.

అప్పట్లో నేను అద్దంకిలో మా చిన్న మామయ్య ఫొటో స్టూడియోలో పనిచేసేదాన్ని. రంగుల ఫొటోలు వచ్చేసినా, దరఖాస్తులకి అతికించే నలుపు తెలుపు ఫొటోలు ఇంకా మా చీకటిగదిలోనే కడిగేవాళ్లం. నెగటివుల మీద మచ్చలు సన్న పెన్సిలుతో సరిదిద్దడం నా పని కాబట్టి, మా ఊళ్లో సగంమందిని నేను నల్లటి మొహాలతో, తెల్లటి జుట్టుతోనే ఎక్కువగా ఎరుగుదును. ఆ ఫిల్ములో కాస్త వెండి ఉంటుంది. గుంటూరు నుంచి ఒకాయన వచ్చి ఆస్పత్రుల్లో పాత ఎక్సరేలూ, స్టూడియోల్లో పాత నెగటివులూ కొనుక్కుపోయి, మందునీళ్లలో నానబెట్టి ఆ వెండి తీసేవాడు. యుద్ధం మొదలయ్యాక ఆయన రాకపోకలు ఎక్కువయ్యాయి. సైన్యం వాడే బ్యాటరీలకి వెండి కావాలనీ, ఫ్యాక్టరీలవాళ్లు ఎంత తెచ్చినా తీసుకుంటున్నారనీ చెప్పేవాడు. అందులో ఎంత నిజమో నాకిప్పటికీ తెలియదు గానీ, మామయ్య మాత్రం తన అటకమీది సామాను దేశానికి పనికొస్తుందని మురిసిపోయి, పదేళ్ల నెగటివుల్ని బస్తాలకెత్తించి ఆయనకి అమ్మేశాడు.

మూడోరోజున ఒకావిడ వచ్చింది. మిరపచేలల్లో కూలికి వెళ్లే మనిషి. కొడుకు ఆ యుద్ధంలోనే ఉన్నాడు, నెల దాటినా ఉత్తరం లేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫొటోనీ చెదలు తినేశాయట. మిలట్రీలో చేరేముందు మా దగ్గరే దిగాడు కనుక మళ్లీ ఒకటి తీసిమ్మంది. "ఆదివారం చర్చిలో అందరం వాడికోసం ప్రార్థన చేస్తన్నామమ్మా. పేరు చదివితే నాకు చాలట్లేదు. మొహం కనపడాల," అంది.

ఆ అబ్బాయి నెగటివూ బస్తాల్లోనే వెళ్లిపోయింది. నేనే ఆవిణ్ని వెంటబెట్టుకుని గుంటూరు బస్సెక్కాను.

ఊరి చివర ఆ వెండి తీసే ఆయనది రేకుల షెడ్డు. ముందర తీగల మీద కడిగిన ఫిల్ములు ఆరేసి ఉన్నాయి, అద్దంలా, ఏమీ లేకుండా. "ఇయ్యేంటమ్మాయ్?" అని ఆవిడ అడుగుతుంటే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను. మా బస్తాల్లో ఒక్కటే మిగిలింది. సంగతి వినగానే ఆయన లోపలికి కేకేశాడు. "ఒరేయ్, ఆ బస్తా ఆపరా! మిలట్రీ అబ్బాయి ఫొటో ఉందంట అందులో!" తనే బల్ల తుడిచి మమ్మల్ని కూర్చోబెట్టాడు.

నంబర్లున్న కవర్లు ఎప్పుడో చింపేశారు. ఒక్కొక్కటీ వెలుతురుకెత్తి చూడాల్సిందే. నాది అలవాటైన కన్ను కనుక చకచకా పక్కన పెట్టేస్తున్నాను, ఆవిడ మాత్రం ఒక్కొక్కదాన్నీ చాలాసేపు చూసేది. పొద్దు వాలుతుండగా, నేను పక్కన పెట్టిన కుప్పలోంచే ఒకటి తీసింది.

"ఈడే."

కాదేమో అన్నాను.

"ఈడేనమ్మా. ఊపిరి బిగబట్టాడు, చూడు. చిన్నప్పుడు సూది వేయించినా ఇట్టాగే బిగబట్టేవోడు."

మామయ్య పెద్ద సైజులో తనే కడిగిచ్చాడు. అది చర్చిలో పెట్టిన పదిరోజులకి ఉత్తరం వచ్చింది. కాలికి గుండు తగిలి ఆస్పత్రిలో ఉన్నాడు. చలికాలానికి చేతికర్రతో ఇల్లు చేరి, తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, వెనక తాను నిలబడి, మా దగ్గరే రంగుల ఫొటో దిగాడు.

అంతా బాగానే ముగిసింది. అయినా ఆనాడు మేము బయల్దేరుతుంటే మిగతా బస్తాని మందునీళ్ల తొట్టిలో ఒంపారు. వాటికోసం అడగడానికి ఎవరూ రాలేదు గనుక నేనూ ఆపమనలేదు. ఇప్పుడు చీకటిగదులు లేవు, మచ్చలు దిద్దడం ఫోన్లే చేసుకుంటున్నాయి, ఒక మొహం కోసం బస్సెక్కి వెళ్లాల్సిన పని ఎవరికీ లేదు. నాకు మాత్రం, దొరికిన ఆ ఒక్కడికన్నా, వెలుతురుకెత్తి "ఇతను కాదు" అని నేను పక్కన పెట్టినవాళ్లే ఎక్కువగా గుర్తొస్తుంటారు.