మూత తీయని అన్నం

వాగు పొంగి డోర్నకల్ దగ్గరి తండా మునిగినప్పుడు, జనాన్నంతా బడిలో ఉంచాం. ఎవరు ఏం తెస్తున్నారో ఫోన్లలో కనుక్కోవడం, వచ్చిన వాలంటీర్లకు పని పురమాయించడం నా వంతు. సాయం చేసే పెద్దమనుషుల మీద నాకు అసహ్యం పుట్టింది ఆ బడిలోనే. ఇంకా పోలేదు.

ఆ పొద్దున జనగామ నుంచి ఒక వ్యాన్ వచ్చింది. అందరికీ పులిహోర పొట్లాలు, ముసలివాళ్లకూ పసిపిల్లలకూ అని ఒక గంజు నిండా తెల్లన్నం. ఇంకా పొగలు కక్కుతోంది. దించీ దించగానే మూత పెట్టి, పైన ఆ సాయం పంపిన పెద్దసారు బొమ్మ ఉన్న ఫ్లెక్సీ కప్పి తాడుతో బిగించేశారు. ఆయన వచ్చి మూత తీస్తేనే పంపకం.

లోపల గదిలో ఒక బాలింత ఉంది. ముందురోజు నుంచి ఆమె కడుపులోకి పోయింది చాయ్, బిస్కెట్లే. ఇళ్లలో బియ్యం, కట్టెలు అన్నీ తడిసిపోయాయి. బాలింతకు పులుపు పెట్టరు కాబట్టి పులిహోర పనికిరాదు. పాలు పడక పసిగుడ్డు ఒకటే ఏడుపు. ఆమె అత్త పళ్లెం పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"కొడుకా, నా కోడలికి జర తెల్లబువ్వ పెట్టియ్యి. ఉప్పేసుకోని తింటది."

నేను వ్యాన్‌తో వచ్చినాయన్ని అడిగాను. "అన్నా, బాలింత ఉన్నది. ఒక్క పళ్లెం ఇయ్యి."

"గిప్పుడు తాడు ఇప్పితే అందరు ఎగబడుతరు. సారు దారిల ఉన్నడు, జర ఆగు."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. నేనే తాడు విప్పబోతే ఇద్దరు చేయి పట్టుకుని లాగేశారు.

సారు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మూత తీయగానే పాచిన కంపు గుప్పుమంది. అన్నం నీరు వదిలి, గరిటెతో తీస్తే తీగలు సాగింది. సారు మొహం పక్కకు తిప్పుకున్నాడు. అయినా మానితేనా! అద్దాల రవిక, వెండి సొమ్ములు ఫొటోకు బాగుంటాయని ఆ అత్తనే ముందుకు లాగి నిలబెట్టారు.

"జర నవ్వు అవ్వా!"

ఆయన ఆ అన్నం చేత్తో తీసి ఆమె పళ్లెంలో వేశాడు. ఫొటో పడింది. వెంటనే చేయి వాసన చూసుకుని, జనం తాగడానికి దాచిన సీసాల నీళ్లతో సబ్బు పెట్టి కడుక్కున్నాడు. చాలలేదేమో, మళ్లీ కడుక్కున్నాడు. వాసన తెలిసే పెట్టాడు, సిగ్గులేని మనిషి.

కార్లు కదిలాక ఆమె ఆ అన్నం మోరీలో పారబోసి, ఖాళీ పళ్లెంతో నా ముందుకొచ్చింది.

"పొద్దుగాల్నే మూత తీస్తే నా కోడలు తింటుండె గద కొడుకా."

లోపల పసిగుడ్డు ఏడుస్తూనే ఉంది. వ్యాన్ అతను బురద అంటకుండా ఫ్లెక్సీ చుట్టుకుంటున్నాడు. రేపు ఇంకో తండాకు పోవాలట.